తొలిచూలు మాత్రలు

నైజీరియాలో కత్సినా దగ్గర ఒక ఊరు. వంటపాక ముందు ఇద్దరు సవతులు: నిండు చూలాలు లంతానా, చిన్నది తలాతు.

“మళ్ళీ కళ్ళు తిరిగాయా?”

“ఏం లేదక్కా. ఎండ.”

“ఎండట, ఎండ! నిన్న జొన్నలు దంచుతూ రోకలి వదిలేసి కూలబడ్డావ్. మొన్న పొయ్యి దగ్గర. దాచకే తలాతూ, ఎన్నో నెల?”

“నెలా లేదు, పాడూ లేదు. వదిలెయ్.”

“ఎందుకు చెప్తావులే! నీ వంతు రాత్రుల్లో ఆయన మాటలు నా గదికి వినబడుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళు గొడ్రాలిననిపించుకుని, ఇప్పటికి నాకొకటి నిలిచిందో లేదో, నువ్వూ తయారు. ఇక నా బిడ్డనెవరు పట్టించుకుంటారు?”

“ఏం మాటలనుకున్నావ్ అవి? అన్నీ నీ గురించే! లంతానా మాత్ర వేసుకుందా, లంతానా కాళ్ళవాపు తగ్గిందా! నా వంతులో కూడా నువ్వే. ఒళ్ళు మండిపోతుందక్కా నాకు.”

“మండనీ. నాకు మండట్లేదా? నిన్నటినుంచి తల పగిలిపోతోంది, కళ్ళముందు మిణుగురులు. నీ మీద కుళ్ళే తలకెక్కిందనుకుంటున్నా.”

“మిణుగురులా? మాత్రలు వేసుకుంటున్నావుగా?”

“పూట తప్పకుండా. బీపీ పెరిగితే ఫిట్సొచ్చి తల్లీబిడ్డా పోతారని నర్సమ్మ నీ ముందేగా చెప్పింది!”

“నా ముందా? నన్ను ఆస్పత్రి వరండాలో కూచోబెట్టి మీరిద్దరే లోపలికెళ్ళారు. మొగుడూ పెళ్ళాలు!”

“అయితే అవి దేనికనుకున్నావే?”

“కూర మాడుతోంది, చూసొస్తా.”

“మాడనీ. దేనికనుకున్నావ్?”

“కడుపు నిలబెట్టే మాత్రలనుకున్నా. నీకే తెస్తాడు, నీకే తెస్తాడు. నాకొద్దా అక్కా పిల్లలు?”

“అనుకుని ఏం చేశావ్?”

“నేను... నేను మింగుతున్నా.”

“ఓసి నీ దుంపతెగ! అందుకా ఈ కళ్ళు తిరగడం! మరి నా డబ్బా నిండుగానే ఉందే?”

“తలనొప్పి మాత్రలు పోశా. చూడ్డానికి అలాగే ఉంటాయి. పోయిన సంత నాటినుంచి.”

“యా అల్లా! అయితే ఇన్నాళ్ళూ నేను మింగుతున్నవి...”

“లే అక్కా, లే! పక్కింటాయన్ని కేకేసి బండి తీయిస్తా. తిట్టు, కొట్టు, తర్వాత. ముందు లే!”

“మనలో తొలిచూలు బిడ్డని కన్నతల్లి పెంచుకోకూడదు. ఎత్తుకోకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. అత్తమ్మ బతికుంటే ఆవిడకిచ్చేదాన్ని.”

“ఇప్పుడెందుకక్కా ఆ ఆచారాలు? చెయ్యివ్వు!”

“పాలు మానగానే నీ ఒళ్ళోనే వేస్తానని ఆయనకెప్పుడో చెప్పానే, కుళ్ళుమోతుదానా. నీ గదిలో కూచుని ఆయన అడుగుతున్నది నీ బిడ్డ గురించే!”