అమ్మ చేతుల కింది అక్షరాలు

ఇంట్లోనే ఒక గదిని ఎడిటింగ్‌కు వాడుకుంటున్నాడు కొడుకు. మధ్యాహ్నం. తెర మీద, పుట్టుకతోనే చెవులు వినబడని తల్లి చేతులు గాలిలో ఆగిపోయి ఉన్నాయి. పక్క కుర్చీలో, తల్లి గురించి అతను తీస్తున్న ఈ పొట్టి సినిమా కోసం ఆమె సైగలను మాటల్లోకి మార్చిన పిన్ని.

“మళ్ళీ వేస్తాను. ఈసారి సరిగ్గా చూడు పిన్నీ.”

“చూశానుగా. ఎన్నిసార్లని చూడను? కళ్ళు లాగుతున్నాయి.”

“అమ్మ చేతులు చూడు. ఇదిగో, మొదలుపెట్టింది… ఇంకా చెబుతోంది… ఇంకా… ఇప్పుడు ఆపింది. ఇంతసేపు చెబితే, కింద నువ్వు రాయించిన ముక్క ఎంత? ‘మా అబ్బాయంటే నాకు ప్రాణం.’ అంతే!”

“అంతే మరి. సైగలకి టైం పడుతుంది.”

“పొద్దున ‘ఆకలేస్తోందా’ అనడానికి రెప్పపాటు కూడా పట్టలేదే?”

“అది చిన్న మాట.”

“ప్రాణం పెద్ద మాటా?”

“కాదేంట్రా! వెటకారం మాని భోజనానికి లే. అక్కయ్య పిలుస్తోంది.”

“అమ్మ పడుకుంది. ఇప్పుడే చూసొచ్చాను.”

“లేచే ఉంటుందిలే.”

“కూర్చో. నిన్న ఈ వీడియో ముక్క పట్టుకెళ్ళి బధిరుల బడిలో టీచరమ్మకి చూపించాను.”

“ఎవరికి?”

“టీచరమ్మకి.”

“నన్నడక్కుండా?”

“అడిగితే చూపించనిచ్చేదానివా?”

“…ఏమంది?”

“ఎందుకలా కంగారుపడతావు?”

“కంగారేం లేదు. ఏమందీ అంటున్నా.”

“ఇందులో ప్రాణం అన్న మాటే లేదండీ, అంది. బడి అట, వాన అట, పిల్లలు అట. అవి మాత్రం తెలిశాయట. మిగతావి ఇంటి సైగల్లా ఉన్నాయి, మీ పిన్నిగారినే అడగండి, అంది.”

“చూశావా! మా ఇంటి సైగలు వేరు. చిన్నప్పుడు మేమిద్దరం కల్పించుకున్నవి. ఆవిడకేం తెలుస్తాయి?”

“అందుకే నిన్నడుగుతున్నా. అమ్మ చెప్పేది ఈ ఇంట్లో నీ ఒక్కదానికే తెలుస్తుంది. నువ్వేది చెబితే అదే మాకు అమ్మ మాట.”

“ఏం, నేను మోసం చేస్తున్నానా?”

“నీ గురించి ఏమైనా చెప్పిందా?”

“నా గురించా?”

“నీ మీద కోపమో, కష్టమో. నువ్వది మింగేశావేమో.”

“అంతమాటన్నావా! అక్కయ్యకి నోరై బతికాను ఇన్నేళ్ళూ. నా పెళ్ళి కూడా… సర్లే. చివరికి నన్నే దొంగను చేశావు.”

“తప్పయితే చెంపలేసుకుంటాను. ముందు ఇది చెప్పు. నేను ఉద్యోగం మానేసి సినిమాలు తీస్తానన్నప్పుడు, ‘నీ మనసుకి నచ్చింది చెయ్యి నాన్నా, వెనక నేనున్నాను’ అంది అమ్మ. అది అమ్మ మాటేనా?”

“అక్కయ్య మాటే.”

“మొత్తం?”

“…‘సరే’ అంది.”

“ఊఁ.”

“మిగతాది నేను కాస్త కలిపాను.”

“కాస్తా! మరి నా పెళ్ళిలో కోడలికిచ్చిన దీవెన? అది విని మా ఆవిడ వెక్కివెక్కి ఏడిచింది.”

“అందులో సగం అక్కయ్యదే.”

“ఏ సగం?”

“‘బాగుండండి’ అన్న సగం.”

“పిన్నీ! అంటే నేను పుట్టినప్పట్నుంచీ నీతోనే మాట్లాడుతున్నానా? మా అమ్మతో ఎప్పుడూ మాట్లాడనే లేదా?”

“పుట్టినప్పట్నుంచీ కాదు.”

“మరి?”

“ఏం లేదు. పద, అన్నీ చల్లారిపోతున్నాయి.”

“తలుపు దగ్గర్నుంచి ఇటు రా. పుట్టినప్పట్నుంచీ కాదంటే ఏంటర్థం? నాకసలు సైగలే రావుగా. మీరెవరూ నేర్పందే ఎలా వస్తాయి?”

“నేర్పలేదా? నీకు నోట మాట రాకముందే చేతులొచ్చాయిరా. పాలు కావాలంటే రెండు వేళ్ళు పెదాల మీద తట్టేవాడివి. నిద్రలో కలొచ్చినా చేతులాడించేవాడివి. మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే, మీ వేగం నాకే అందేది కాదు.”

“నాకు గుర్తులేదే.”

“ఉండదు. అదే మంచిది.”

“ఎందుకు మానేశాను?”

“పిల్లలన్నాక మానేస్తారు.”

“పిన్నీ.”

“…రెండో క్లాసులో. వాన పడుతోందని గొడుగు పట్టుకుని అక్కయ్య బడికొచ్చింది. గేటు దగ్గర నిన్ను చూసి చేతులతో పిలిచింది. పిల్లలంతా చుట్టూ చేరి, అక్కయ్యలాగే చేతులు తిప్పుతూ వెక్కిరించారు. అప్పుడు నువ్వెళ్ళి…”

“వెళ్ళి?”

“చిన్నవాడివిరా. నీ తప్పేం లేదు.”

“వెళ్ళి ఏం చేశాను?”

“అక్కయ్య రెండు చేతులూ పట్టుకుని కిందికి లాగేశావు. గొడుగు బురదలో పడిపోయింది. ఇంటికొచ్చాక నాతో అన్నావు, ‘నలుగురిలో చేతులాడించొద్దని అమ్మకి చెప్పు పిన్నీ, నాకు సిగ్గేస్తోంది’ అని. నేనూ బుద్ధిలేకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ రోజు నుంచి నీ ఎదుట అక్కయ్యవి పొడి మాటలే. సరే. వద్దు. తిన్నావా. నువ్వేమో బిక్కమొహం వేసుకుని నా వంక చూసేవాడివి. కలపక ఏం చెయ్యను?”

“…ఇదా అమ్మ సినిమాలో చెబుతోంది? ఇన్నేళ్ళకి నా మీద ఫిర్యాదా?”

“ఫిర్యాదు కాదు. అసలు నీ సినిమాకి చెప్పడమే లేదు. అప్పటికే నువ్వు కెమెరా ఆన్ చేశావని అక్కయ్యకి తెలీదు. నాతో మాట్లాడుతోంది.”

“ఏమంటోంది?”

“తీసెయ్యరా ఆ ముక్క.”

“ఏమంటోంది పిన్నీ?”

“‘ఆనాడు వానలో, బడి దగ్గర నలుగురు పిల్లలు నవ్వితేనే వాడు తట్టుకోలేకపోయాడు. ఈ సినిమాని ఊరంతా చూస్తారటగా. వాడికి నామోషీ అవుతుందేమో, ఒక్కసారి అడిగి రా. ఫర్వాలేదంటేనే చేతులు కదుపుతాను’ అంటోంది.”