కొమ్ము లేని కెటిల్

టీ కొట్టు పాత బోర్డు దించి కొత్త ప్లాస్టిక్ బోర్డు బిగించడానికి పొద్దున లాంచీలో ఫిట్టరు దిగాడు. నిచ్చెన ఎక్కబోతుంటే, ఒకప్పుడు ఆ బోర్డు రాసిన ముసలాయన అతని చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"బోర్డెక్కడికీ పారిపోదు, టీ తాగి ఎక్కుదువుగాని. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ అబ్బాయ్, రేవు నుంచి లైట్‌హౌస్ దాకా ఈ వీధిలో బోర్డులన్నీ ఒకప్పుడు నేను రాసినవే. దీవి కదా, ఉప్పుగాలికి రంగు నిలవదు. ఈ చివర నుంచి రాసుకుంటూ ఆ చివరికి వెళ్లేసరికి ఇక్కడ మళ్లీ వెలిసిపోయేది. ఇప్పుడు ఫోన్లమ్ముతున్నారే, అక్కడ గొడుగుల కొట్టుండేది. దాని పక్కన గడియారాల కొట్టు. లాంచీ దిగిన జనం బేరాలు మానేసి బోర్డులు చూస్తూ నిలబడేవారు. ఇప్పుడు నా రాత మిగిలింది, చూరు కింద ఉండబట్టి, ఈ ఒక్క బోర్డు మీదే.

"చేపల కొట్టుకి చేప గీశానా, ఏమైందో తెలుసా? ఊళ్లో పిల్లులన్నీ దాని కిందే కాపరం పెట్టాయి. వారం తిరిగేసరికి బోర్డు మీద ముల్లు మిగిలింది."

"రంగు తినేశాయా?"

"రంగెవరు తింటారయ్యా, చేపను తిన్నాయి. అది సరే, లాంతర్ల కొట్టుకి వెలుగుతున్న లాంతరు గీశాను. ఓ పెద్ద ఓడ అదే లైట్‌హౌస్ అనుకుని తిన్నగా వీధిలోకొచ్చేసి బట్టల కొట్టు ముందు లంగరేసింది."

"వీధిలో నీళ్లెక్కడివి తాతా?"

"వచ్చిన ఊపులో ఆ సంగతి దానికి తట్టలేదు. కెప్టెను దిగి, తీరిగ్గా క్షవరం చేయించుకున్నాడు. ఆ తర్వాత చిక్కొచ్చింది. ఓడ తిరగడానికి వీధి చాల్లేదు. అందరూ నా మొహం చూశారు. నేను బ్రష్షు తీసి దాని వెనక వైపు ముక్కు గీశాను. అదే ముందనుకుని, వచ్చిన దారినే చక్కా పోయింది."

టీ కొట్టు నడిపే ఆమె గ్లాసు అందిస్తూ అడిగింది. "ఓడకి ముక్కు గీసినవాడివి, మా కెటిల్‌కి కొమ్మెందుకు గీయలేదు బాబాయ్? టీ ఎటు నుంచి పోస్తారని ముప్పై ఏళ్లుగా అందరూ నవ్వుతున్నారు. అందుకేగా కొత్తది తెప్పించింది."

ఫిట్టరు తలెత్తి చూసి పకపకా నవ్వాడు. ముసలాయన గ్లాసు కింద పెట్టాడు.

"ఆ బొమ్మ నేను గీయలేదమ్మా."

"ఇంకో కోతా?"

"అక్షరాలు నావే. బొమ్మ దగ్గరికొచ్చేసరికి కళ్లు తిరిగాయి. మూడో మెట్టు దాటితే నాకెప్పుడూ తిరిగేవి, ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. మీ నాన్న నన్ను దింపి, తనే ఎక్కి గీశాడు. దిగి చూసుకుంటే కొమ్ము లేదు. ఇంతలో లాంచీ వచ్చి జనం చేరారు. 'టీ కొట్టువాడికి కెటిలెలా ఉంటుందో తెలీదంటార్రా, నువ్వే గీశానని చెప్పు' అన్నాడు. సరేనన్నాను. వాడు పోయాక కూడా అదే చెప్పాను. ఇవాళ బోర్డు దించేస్తుంటే నోరు ఆగలేదు."

ఆమె బోర్డు కేసి చూసింది. బొమ్మలో కెటిల్ పిడి ఎడమవైపుంది. ఆ వీధిలో ఎడమచేత్తో టీ పోసినవాడు వాళ్ల నాన్న ఒక్కడే.

ఫిట్టరు వైపు తిరిగింది.

"నిచ్చెన తీసెయ్ బాబూ. కొత్తది లోపల గోడకి కొట్టు."