దర్జీ తాత కుర్చీలో కిర్రు

మా టీ కొట్టుకి ఎదురుగా ఒక షెడ్డు ఉంది. నడవలేనివాళ్ళ చక్రాల కుర్చీలు అక్కడ ఊరికే బాగుచేసిస్తారు. పనిచేసేది ఒక్కడే, బేరింగు బాబాయ్. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. మనిషి మంచివాడు, చెయ్యి మంచిది, నోరే కాస్త పెద్దది. మా బెంచీ మీద కూర్చున్నాడంటే ఇక కోతలే. ఆయన మాటల్లో పడి నేను ఎన్నిసార్లు పాలు పొంగబెట్టుకున్నానో లెక్కలేదు.

ఆ రోజు ఆయన్ని వెతుక్కుంటూ ఒకమ్మాయి వచ్చింది. మెషీన్ల చదువు చదివి అప్పుడే బయటికొచ్చింది. లిఫ్టులు తయారుచేసే కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇచ్చారట, వస్తావో రావో సాయంత్రం ఐదులోపు ఫోన్ చేసి చెప్పాలట. పిల్లకేమో నలుగురికి పనికొచ్చే పని చెయ్యాలని ఉంది. షెడ్డు నడిపే మేడమ్ ఆమెను బాబాయ్‌కి అప్పగించి, "మన పని ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పు మహానుభావా. ఈ పిల్ల కూడా రాకపోతే షెడ్డు మూసుకోవడమే" అని దండం పెట్టి మరీ వెళ్ళింది.

ఆవిడ అన్నది నిజమే. బాబాయ్ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవక ఆర్నెల్లయింది. లోపల నలభై మూడు కుర్చీలు చీటీలు కట్టించుకుని వరసగా నిలబడ్డాయి. ఒక్కో చీటీ వెనక మంచం దిగలేక ఎదురుచూసే మనిషి ఒకరున్నారు.

బెంచీకి ఈ చివర బాబాయ్, ఆ పిల్ల. మధ్యలో పోస్ట్‌మాన్, సంచీ కింద పెట్టుకుని. ఆ చివర దర్జీ తాత భార్య, మామ్మగారు. ఆవిడకి చూపు లేదు. తాత షాపు కట్టేసి వచ్చేదాకా రోజూ అక్కడే టీ తాగుతూ కూర్చుంటుంది.

అమ్మాయి నోటుబుక్కు తెరిచింది. "బాబాయ్, లోపల చీటీలు చూశాను. ప్రతి చీటీ మీదా పేరు కింద 'ముట్టుకోకూడనిది' అని రాసి ఖాళీ వదిలారు. అదేంటి?"

"అదా? చిన్న విషయంలే, వదిలెయ్. అసలు సంగతి విను." బాబాయ్ కండువా సర్దుకున్నాడు. "నేను చెప్పడం కాదు గానీ తల్లీ, ఈ పనికి చెయ్యి ఉండాలి. అది పుట్టుకతో రావాలి. నేను చేరిన మొదటి ఏడాది మాట. దర్జీ తాత కుర్చీ వచ్చింది, అదే, ఈ మామ్మగారి భర్తది. ముందువైపు చిన్న చక్రం తిరగనని మొండికేసి కూర్చుంది. తిరగేసి చూస్తే ఏముంది, ఇరుసుకి దారం. దర్జీ ఇంట్లో నేలంతా దారం ముక్కలే కదా, అన్నీ పోయి పోయి చక్రంలో దూరాయి. పట్టకారుతో కొస పట్టుకుని లాగాను."

"దారం తియ్యడమా? అదైతే నాకూ వచ్చు," అంది అమ్మాయి రాసుకుంటూ.

ఆ మాట బాబాయ్‌కి చురుక్కుమంది.

"మామూలు దారం అనుకున్నావేంటి! లాగుతున్నా, వస్తోంది. లాగుతున్నా, వస్తోంది. మధ్యలో వచ్చి టీ తాగెళ్ళి మళ్ళీ లాగా, ఇంకా వస్తోంది. షెడ్డు దాటింది, రోడ్డు దాటింది, ఈ కొట్టు చుట్టూ రెండు చుట్లు తిరిగింది. కావాలంటే ఈ టీ కొట్టు చెల్లెమ్మని అడుగు. ఆ దారంతోనే తాత మా షెడ్డులో అందరికీ చొక్కాలు కుట్టిచ్చాడు. ఇంకా మిగిలితే ఉండ చుట్టి దాచాను. ఆ ఉండతో ముందు పనుంది, గుర్తుపెట్టుకో."

"షెడ్డులో ఉండేది నువ్వొక్కడివేగా," అన్నాడు పోస్ట్‌మాన్.

"అందుకే నాకు పదిహేను చొక్కాలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాత బేరింగు పీకేసి కొత్తది కొట్టాను. కొట్టి, చిటికెన వేలితో చక్రాన్ని ఇలా అన్నానో లేదో, తిరగడం మొదలెట్టింది. భోంచేసి వచ్చాను, తిరుగుతోంది. ఇంటికెళ్ళి పడుకుని తెల్లారి వచ్చాను, తిరుగుతోంది. ఆ ఎండాకాలం మూడు నెలలూ షెడ్డులో ఫ్యాను వేస్తే ఒట్టు. ఆ చక్రం గాలికే పని చేసుకున్నాను. కాగితాలన్నీ ఎగిరిపోతున్నాయని మేడమ్ కేకలేస్తే, పోనీ ఆపుదామని బొటనవేలు అడ్డం పెట్టాను. గోరు చూడు, ఏమైందో!"

ఆ గోరు మా కొట్టు తలుపు సందులో పడి నలిగింది. కట్టు కట్టింది నేనే. పైమనిషి ముందు పరువు తియ్యడం ఎందుకని ఊరుకున్నాను.

"మరి ఆ మూడు నెలలూ తాత దేని మీద తిరిగారు బాబాయ్?"

"శభాష్! ఇలాంటి బుర్రే కావాలి ఈ పనికి," అని మెచ్చుకున్నాడు బాబాయ్. "ఆ కుర్చీకి ఇంకో రోగం ఉండేదమ్మా. కిర్రు. ఎడమ చక్రం తిరిగినప్పుడల్లా కిర్రు, కిర్రు. వీధిలో కుక్కలన్నీ తాతకి ఎదురెళ్ళి బదులు చెప్పేవి. ఎంతమంది నూనె పోసినా పోలేదు. నేను పోసింది ఒక్క చుక్క. లోపలున్న అరిగిన వాషరు తీసి డబ్బాలో పారేశాను. అంతే, కిర్రు చచ్చింది. చీమ నడిస్తే చప్పుడవుతుందేమో గానీ ఆ కుర్చీ నడిస్తే అవ్వదు."

"అవును నాయనా, చచ్చింది," అంది మామ్మగారు.

బాబాయ్ ఒక్క క్షణం ఆగి ఆవిడ వైపు చూశాడు. వెంటనే గొంతు పెంచేశాడు.

"విన్నావా, సాక్షి కూడా ఉంది! ఇక అసలు కథ. తాత గుండీలు కొనుక్కుందామని బయల్దేరాడు. పక్క సందులోనే షాపు. గడప దగ్గర చేత్తో ఒక్క తోపు తోశాడు. కుర్చీ ఆగితేనా! గుండీల షాపు దాటిపోయింది. బజారు దాటింది, వంతెన దాటింది, పక్క ఊరొచ్చింది. తెలిసినవాళ్ళు కనిపిస్తే తాత నమస్కారం పెడుతున్నాడు, వాళ్ళు చెయ్యెత్తేసరికి ఈయన అవతలి ఊళ్ళో ఉంటున్నాడు. రైలు గేటు పడింది. కుర్చీ ఆగిందా? రైలే ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, ముందు మీరు కానివ్వండి పెద్దాయనా అన్నాడట."

"కుర్చీకి బ్రేకు లేదా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"బ్రేకు ఉంది, వాడటం తాతకి నామోషీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ ఎక్కుతూ బస్సొకటి చెడి ఆగిపోయింది. యాభై ఇద్దరు జనం. పిల్లలు ఏడుస్తున్నారు. తాత జేబులో ఏముంది? నేనిచ్చిన దారం ఉండ! ఒక కొస బస్సుకి, ఒక కొస కుర్చీకి. లాగాడు చూడు, కొండ పైదాకా! జనం టిక్కెట్లు కండక్టరుకి తిరిగిచ్చేసి తాతకి మొక్కారు. అక్కణ్ణించి దిగుడు. దిగుడులో వేగం ఎంత పెరిగిందంటే, తాత ఇంటినుంచి బయల్దేరకముందే ఇంటికి తిరిగొచ్చేశాడు! వచ్చి చూసుకుంటే గడప దగ్గర తనే, ఇంకా తోపు తొయ్యకుండా కూర్చుని ఉన్నాడు."

"మరి వెళ్ళిందెవరయ్యా?" పోస్ట్‌మాన్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"అది తాతనే అడగాలి. ఇంతకీ ఏమంటానంటే తల్లీ, ఇదీ మా పని! ఇలా ఉంటుంది!"

నేనూ నవ్వుతూనే అమ్మాయి వైపు చూశాను. ఆ పిల్ల నవ్వడం లేదు. రాయడం ఎప్పుడో ఆపేసింది. పెన్నుకి మూత పెట్టి నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది.

"బస్సు సంగతి నేనేం నమ్మలేదు బాబాయ్. కానీ మీరు చెప్పినదాంట్లో ముప్పావు వంతు తీసేసినా, మీ చెయ్యి మామూలుది కాదు. నేను కాలేజీలో బేరింగు కొట్టబోయి రెండు పగలగొట్టాను. కంపెనీలో అయితే నా తప్పు దిద్దడానికి పైన నలుగురుంటారు. ఇక్కడ నేనొక్కదాన్నే తప్పు చేస్తే, మంచంలో ఉన్న మనిషి గతేంటి? ఇది నా వల్ల కాదు. నన్ను క్షమించండి." లేచి నిలబడి ఫోన్ తీసింది. నాలుగూ నలభై అయింది.

దారం తియ్యడం ఒక పనేనా అనుకుంటుందేమోనని భయపడి ఇంత కోశాడు బాబాయ్. ఆ కోతలకే పిల్ల పారిపోతోంది. నలభై మూడు కుర్చీలు ఎదురుగా కనిపిస్తున్నాయి. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

అప్పుడు వీధి మలుపు నుంచి వినిపించింది. కిర్రు. కిర్రు. కిర్రు.

మామ్మగారు గ్లాసు కింద పెట్టి కొంగు సర్దుకుంది. "మా ఆయన వచ్చేస్తున్నారు."

అమ్మాయి ఫోన్ చేతిలో పట్టుకునే ఆగిపోయింది. "అది ఆ కుర్చీయేనా? కిర్రు చచ్చిందన్నారు కదా బాబాయ్?"

బాబాయ్ తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు. "మామ్మగారూ, ఆ సంగతి ఇప్పుడెందుకండీ..."

"నువ్వు చెప్పవుగా, నేనే చెప్తా. ఇలా కూర్చో తల్లీ," అంది మామ్మగారు. "బస్సు, రైలు నాకు తెలీవు. దారం మాత్రం గుప్పెడు వచ్చింది, అది నిజం. కిర్రు తీసేశాడు, అదీ నిజమే. అందరూ ఎంత బాగుందో అన్నారు. నాకు మాత్రం ఇంట్లో మా ఆయన కనపడకుండా పోయారు. నాకు కళ్ళు లేవు, ఆ కిర్రే నాకు ఆయన. వంటింట్లో ఉన్నారో, వాకిట్లో ఉన్నారో దాన్నిబట్టే తెలిసేది. రెండు గదుల ఇంట్లో ఎక్కడున్నారు, ఎక్కడున్నారు అని చిన్నపిల్లలా పిలుచుకుంటూ తిరిగాను. ఆయన కునుకు తీస్తే పలకరు. మూడో రోజు నీళ్ళ గిన్నెతో వెళ్ళి కుర్చీకి తగులుకుని పడ్డాను. మోచెయ్యి విరిగింది."

అమ్మాయి మెల్లగా బెంచీ మీద కూర్చుంది.

"కట్టు కట్టించుకుని, గోడ పట్టుకుని షెడ్డుకొచ్చి ఇతన్ని నాలుగు దులిపాను. కిక్కురుమనలేదు. ఆ మధ్యాహ్నమే మా ఇంటికొచ్చి నేల మీద కూర్చున్నాడు. చక్రం ఊడదీసి ఏవో పెడతాడు, తిప్పుతాడు. ఇదా మామ్మగారూ? కాదు. ఇదా? ఇదీ కాదు. మూడు మధ్యాహ్నాలు! ఒక్కసారి విసుక్కోలేదు. చివరికి షెడ్డులో పాత సామాను డబ్బా మొత్తం మా వాకిట్లో బోర్లించి, తను పారేసిన ఆ వాషరే వెతికి పట్టుకొచ్చి పెట్టాడు. చక్రం తిరిగింది. నేను ఏడ్చేశాను. ఇతనూ ఏడ్చాడు, నాకు కనపడదనుకున్నాడు. ముక్కు ఎగబీల్చుకుంటే వినపడదా?"

పోస్ట్‌మాన్ నవ్వు ఆగిపోయింది. నాకు ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. పదిహేను చొక్కాల గురించి పదిహేను సార్లు విన్నాను గానీ ఇది వినలేదు.

"అందుకేనా బాబాయ్, చీటీ మీద ఆ ఖాళీ?"

బాబాయ్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. మొదటిసారి ఆయన గొంతు చిన్నగా వచ్చింది. "అవునమ్మా. ముందు అడిగి, అది రాసుకుని, అప్పుడే స్పానరు పట్టుకుంటాను. ఒకాయనకి పిడి వంకరగా ఉంటేనే చెయ్యి పడుతుంది. ఒకావిడ చిరిగిన దిండు మార్చనివ్వదు, వాళ్ళమ్మ కుట్టిందట. నాకు ఇవన్నీ ముందు తెలీవు. మామ్మగారి చెయ్యి విరిగాక తెలిసింది. ఇది ఎవరికైనా చెప్పుకునే సంగతా? నామర్దా."

"అయితే మీరూ తప్పు చేశాకే నేర్చుకున్నారన్నమాట," అంది అమ్మాయి. ఫోన్ చెవికి ఆనించి నాలుగడుగులు అవతలికి వెళ్ళింది. నేను పాల గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. "సార్, థ్యాంక్సండీ. నేను రావడం లేదు," అన్నది మాత్రం స్పష్టంగా వినపడింది.

ఈలోపు దర్జీ తాత కిర్రుమంటూ కొట్టు ముందుకొచ్చి ఆగాడు. మామ్మగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, తిన్నగా వెళ్ళి కుర్చీ పిడి పట్టుకుంది.

బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఛాతీ ముందుకొచ్చింది. "చూశావా తల్లీ! ఆ కిర్రు నేను తిరిగి పెట్టాక ఎలా మోగుతోందో తెలుసా? ఏడూళ్ళకి వినిపిస్తోంది, సముద్రంలో ఓడలు దాన్ని విని..."

"నాకు వినిపిస్తుంది, చాల్లే," అంది మామ్మగారు వెనక్కి తిరక్కుండా.

నేను నవ్వాపుకోలేకపోయాను. బాబాయ్ గాలి తీసిన ట్యూబులా బెంచీ మీద కూలబడ్డాడు. అమ్మాయి వచ్చి ఆయన పక్కనే కూర్చుని నోటుబుక్కు మళ్ళీ తెరిచింది.

"రేపు ఎన్నింటికి రావాలి బాబాయ్?"

ఆయన ఏదో పెద్దదే చెప్పబోయి, మామ్మగారు వెళ్ళిన వైపు చూసి, మింగేశాడు.

"ఎనిమిదింటికి రామ్మా. ముందు దారం తియ్యడంతో మొదలెడదాం."