తీర్మానాల పుస్తకం, పదిహేడో పేజీ

నూజివీడు వైపు ఓ పల్లె. మామిడి సీజను చివర. పల్లె బడి పిల్లల్ని రోడ్డవతలి పెద్ద బడిలో కలిపేందుకు తల్లిదండ్రుల కమిటీ తీర్మానం కావాలని మండలం ఆఫీసు నుంచి వచ్చిన సువర్ణరాజు, కమిటీ చైర్మన్ లేయా ఇంటి వసారాలో కూర్చున్నాడు.

“మూయడం కాదమ్మా, విలీనం. ఎన్నిసార్లు చెప్పాలి?”

“మాట మెత్తగానే ఉందండి. పిల్లలు మాత్రం రోడ్డు దాటాలి కదా.”

“మూడు, నాలుగు, ఐదు తరగతులే లేయమ్మా. మరీ చిన్నవాళ్లు ఇక్కడే ఉంటారు. మీవాడు ఏ క్లాసు?”

“విక్టర్ నాలుగులోకి వచ్చాడండి. చూస్తే ఒకటో తరగతి అనుకుంటారు. తిండి తినడు.”

“అక్కడ క్లాసుకో టీచరు. గోడకి ఇంత టీవీ. ఇక్కడేముంది? మూడు తరగతులకీ కలిపి పదకొండు మంది.”

“పదకొండు తక్కువాండి? క్రికెట్టు టీముకి సరిపోయారు.”

“నవ్వులాట కాదమ్మా. నేనింకా రెండూళ్లు తిరగాలి. పుస్తకం ఏది?”

“మా ఆడపడుచు రోజీ పట్టుకెళ్లిందండి. అందరి సంతకాలూ కావాలన్నారుగా, ఇల్లిల్లూ తిరిగి పెట్టించుకొస్తానంది. మీరు ఈలోపు పండు తినండి. చిన్నరసం. ఇంక ఈ ఏటికి ఇవే.”

“నేను చెప్పినట్టేగా? పైనంతా ఖాళీ, అడుగున సంతకాలు. మ్యాటరు ఆఫీసులో మేం రాసుకుంటాం.”

“గుర్తుందండి. మీరు చెప్పిన దగ్గర్నుంచీ అదే గుర్తొస్తోంది. అన్నం సహించట్లేదు.”

“దానికెందుకమ్మా?”

“ఖాళీ కాగితమంటే నాకు భయమండి. మా అత్తగారు ఇలాగే అడుగున వేలిముద్ర వేసింది. పైన ఎవరో ఏదో రాసుకున్నారు. అరెకరం రసాల తోట పోయింది. ఇప్పుడదే తోటలో కాయకోతకి నేను కూలికెళ్తున్నా. మీ చేతిలో పండు ఆ తోటదేనండి.”

“అబ్బా... అది ఎవరో దొంగల పనమ్మా. ఇది గవర్నమెంటు.”

“అవునండి. గవర్నమెంటంటే ఇంకా భయం.”

“మీకు భయం లేనిది ఏదన్నా ఉందా?”

“ఆలోచించి చెప్తానండి.”

“చూడండి, దూరం కూడా లేదు. మ్యాపులో తొమ్మిది వందల మీటర్లు. కిలోమీటరు లోపే.”

“ఆ గీత ఎట్నుంచి పోయిందో చూశారాండి?”

“ఏ గీత?”

“మొన్న మీటింగులో మీ ఫోన్లో చూపించారే, ఈ బడి నుంచి ఆ బడికి. అది గోపాలకృష్ణ గారి తోట మధ్యలోంచి పోయిందండి. పందులు రాకుండా చుట్టూ కరెంటు తీగ. లోపల కావలి కుక్కలు రెండు. రోడ్డు మీదుగా పోతే రెండున్నర కిలోమీటర్లు.”

“ఎవరు కొలిచారు?”

“నేనేనండి. మా చిన్నరాయప్ప బాబాయి స్కూటరెక్కి. మీటరు చూస్తూ కూర్చున్నా. ఆయన తోలడం చూస్తే అదో భయం.”

“సరే, రెండున్నరే అనుకోండి. అటూ ఇటూ చూసుకుని దాటితే ఏమవుద్ది?”

“పోయిన సీజన్లో మా పాల్ రాజు అన్నయ్య గేదెని కాయల లారీ గుద్దేసిందండి. డ్రైవరు దిగి, కనపడలేదన్నాడు. నల్లగా, అంత గేదె కనపడకపోతే నా కొడుకెంత ఉంటాడండి?”

“...ఆటో మాట్లాడుకోండి. చార్జీలు గవర్నమెంటే ఇస్తుంది.”

“ఎప్పుడండి?”

“వస్తాయి.”

“ఎప్పుడండి?”

“వస్తాయమ్మా! ఫైలు మీదుంది.”

“ఆటో అన్నా భయమేనండి. పొద్దున కాయల ట్రేలు దించేసి ఆ ఆటోలోనే పిల్లల్ని ఎక్కిస్తారు. కాయలకైతే దెబ్బ తగలకుండా గడ్డేస్తారు. పిల్లలకి అదీ వెయ్యరు.”

“మీరు రాజకీయాలు మాట్లాడుతున్నారు.”

“అయ్యో, నేనా? ఏడో తరగతి చదివినదాన్ని. అంత ధైర్యం ఎక్కడిదండి?”

“అదే కదా! నోట్లో నాలుక లేని మనిషి, చూపించిన చోట సంతకం పెడుతుందనేగా మిమ్మల్ని చైర్మన్ని...”

“చైర్మన్ని?”

“ఏంలేదు. పండు బాగుంది.”

“ఇంకోటి తినండి.”

“వద్దమ్మా, టైమైంది. ఏది ఆవిడ?”

“అదిగో, వస్తోంది. రోజీ! త్వరగా రావే, సారు కంగారు పడుతున్నారు.”

“అయిపోయింది వదినా! అందరూ పెట్టేశారు. జోజిబాబు ఇంట్లో లేకపోతే తోటకెళ్లా. చిక్కం పట్టుకుని చెట్టెక్కి కాయలు కోస్తున్నాడు. కిందికి దింపి మరీ పెట్టించా. నమస్కారమండి సార్.”

“ఎంతమందమ్మా?”

“పదకొండు మంది పిల్లల తల్లులు, తండ్రులు, వదినది కాక మొత్తం ఇరవై అండి. ప్రియాంక వాళ్లాయన కువైట్లో ఉన్నాడు. ఫోన్లో సరేనన్నాడు.”

“శభాష్! ఏ ఊళ్లోనూ ఇంత తొందరగా కాలేదు. చైర్మన్ గారూ, ఇంక మీదొక్కటే. ఇదిగో పెన్ను.”

“ఎక్కడ పెట్టాలే రోజీ?”

“ఇక్కడ వదినా. అందరికన్నా పైన, నీకని వదిలారు.”

“భయంగా ఉందే.”

“ఉండనీ. పెట్టు.”

“...పెట్టేశానండి.”

“హమ్మయ్య! ఇటివ్వండి. ఇదేంటి? పేజీ నిండా రాసుందే!”

“అవునండి.”

“‘పై కారణముల వలన మా పిల్లలను రోడ్డు దాటించి పంపుటకు మేము ఎవరమూ ఒప్పుకొనుట లేదు. బడి తెరిచిన రోజున పదకొండు మందీ ఇక్కడే కూర్చుందురు. మేము వారి వెనుక కూర్చుందుము...’ ఎవరు రాశారిది?”

“నేనేనండి. అక్షరం బాగుండదు, ఏమనుకోకండి.”

“గేదె సంగతి కూడా రాశారా!”

“రాశానండి. నల్లదని కూడా.”

“ఇది చెల్లదు. ఈ పేజీ చింపేస్తా.”

“పుస్తకం ఇచ్చేటప్పుడు మీ ఆఫీసువాళ్లే పేజీ పేజీకీ నంబరేసి ముద్ర కొట్టారండి. ఇది పదిహేడు. పదహారు తర్వాత పద్దెనిమిది ఉంటే మిమ్మల్ని ఎవరేమంటారోనని నా భయం.”

“ఫొటో కూడా తీశానండి సార్. ఊరి గ్రూపులో పెట్టేశా.”

“నువ్వాగమ్మా! లేయమ్మా, ఏంటిది? ఇంతసేపూ భయం, భయం అన్నారు కదా!”

“భయమేనండి. ఇప్పటికీ భయమే. ఖాళీ కాగితమంటే భయమని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా కదా, అందుకే నిండా రాశా. అడుగున మాత్రం ఒక్క వరస జాగా వదిలానండి, ముట్టినట్టు మీ సంతకానికి. పెన్ను మీదే, తీసుకోండి.”