పరీక్ష దాటని ప్యాకేజీకి తలుపు తీయని సరళకుమారి గారు

1972వ సంవత్సరం జూన్ అయిదవ తేదీన, ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా ఆసుపత్రి గణాంకాల కేంద్రంలో, కార్డులకు రంధ్రాలు కొట్టే యంత్రం ముందు చిన్న ఉద్యోగినిగా చేరిన శ్రీమతి సరళకుమారి గారు, మూడున్నర దశాబ్దాలు దాటిన సేవానంతరం, ఈ 2009 ఫిబ్రవరి నెలాఖరున, అదే కేంద్రంలో ప్రొడక్షన్ సర్వర్ల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ విభాగంలో వారికి సహాయకుడిగా పనిచేసిన నాకు, ఈ అభినందన సంచికలోని తెలుగు పుటలలో వారి ఉద్యోగ జీవితాన్ని వివరించే అవకాశం దక్కడం నా అదృష్టంగా భావిస్తున్నాను.

అయితే ఒక సంగతి ముందుగానే విన్నవించాలి. సంచిక సంపాదకవర్గంవారు నాకు రెండు సూచనలు చేశారు. సరళకుమారి గారి సౌమ్యతను, సహకార స్వభావాన్ని ప్రముఖంగా పేర్కొనమన్నది మొదటిది. 2006వ సంవత్సరం జోలికి పోవద్దన్నది రెండవది. ఆ రెండింటినీ గౌరవపూర్వకంగా నిరాకరించాను. 2006ను దాటవేసి వారి గురించి రాయడమంటే, వారిని కాక మరెవరినో సన్మానించడమే అవుతుంది. ఈ వ్యాసం సారాంశాన్ని హిందీలో సంపాదకవర్గానికి ముందే చదివి వినిపించాను. అచ్చు వేయని పక్షంలో సభలో నిలబడి చదువుతానని కూడా మనవి చేశాను. అచ్చుకు ఒప్పుకున్నారు. అందుకు కృతజ్ఞుణ్ణి.

చీరాలలో పుట్టి, గుంటూరులో గణితశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న సరళకుమారి గారు, ఢిల్లీ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న అక్కగారి వెంట ఈ నగరానికి వచ్చారు. ఆసుపత్రుల నుంచి వచ్చే లెక్కలను కార్డుల మీదికి ఎక్కించడం ఆ రోజుల్లో వారి పని. చేతివేగాన్ని బట్టి మెప్పు దక్కే ఆ గదిలో, చేరిన రోగులకంటే ఇళ్ళకు వెళ్ళిన రోగులే ఎక్కువగా కనిపించే కాగితాలను పక్కన పెట్టి, ఆ ఆసుపత్రికి ఫోను చేసి అడిగే అలవాటు వారికి ఉండేదట. "అమ్మాయీ, నీ పని కొట్టడమే" అని పై అధికారి మందలిస్తే, "తప్పని తెలిసి కొట్టడం నా పని కాదండీ" అని జవాబిచ్చారని ఆనాటివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి వారి ఉద్యోగం పర్మనెంటు కాలేదన్న విషయాన్ని కూడా ఇక్కడ గుర్తుచేయడం నా ధర్మం.

ఎనభైలలో ప్రోగ్రాములు రాయడం నేర్చి ప్రోగ్రామరు పదవిని, తొంభైలలో సర్వర్ల నిర్వహణ నేర్చి ఆ విభాగంలో స్థానాన్ని సంపాదించారు. ఈలోగా, ల్యాబ్ టెక్నీషియనుగా పనిచేస్తున్న శ్రీ నోవహు గారిని వివాహమాడి, అనుగ్రహ అనే కుమార్తెకు తల్లి అయ్యారు. "ఇంట్లోనూ ఇంతేనండీ. రుచి చూడకుండా కూరగిన్నె బల్లమీద పెట్టనివ్వదు" అని నోవహు గారు ఒకసారి నాతో ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులో గర్వమే ఎక్కువ వినిపించింది.

2002లో మా కేంద్రం జావా అనే కొత్త ప్రోగ్రామింగు భాష వైపు మళ్ళింది. యాభై దాటినవారికి శిక్షణ వృథా అని నాటి యాజమాన్యం భావించి, యువకులను మాత్రమే శిక్షణకు పంపింది. సరళకుమారి గారు ఎవరికీ చెప్పకుండా, సాయంత్రాలు బస్సెక్కి లక్ష్మీ నగర్ వెళ్ళి, అక్కడి కోచింగ్ సెంటరులో సొంత ఖర్చుతో చేరారు. మొదటి రోజు తరగతి గుమ్మంలో నిలబడగానే, పాఠం చెప్పే కుర్రవాడు కుర్చీ చూపించి, "ఆంటీ జీ, బచ్చే కో సాథ్ నహీఁ లాయీఁ?" అని అడిగాడట, పిల్లవాణ్ణి చేర్పించడానికి వచ్చారనుకుని. ఈవిడ సంచిలోంచి పుస్తకం తీసి, మొదటి వరుసలో కూర్చుని, "బచ్చా మైఁ హీ హూఁ, భయ్యా. శురూ కీజియే" అన్నారట, ఆ పిల్లను నేనే, పాఠం మొదలుపెట్టమని. తరగతి అంతా నవ్వింది. తరువాతి నెలల్లో ఆ నవ్వినవారిలో సగంమంది, అర్థంకాని చోట ఈ ఆంటీనే అడిగి నేర్చుకున్నారని, ఆ తరగతిలోనే చదివి తరువాత మా కేంద్రంలో చేరిన నవదీప్ సాక్ష్యం.

మా విభాగం చేసే పని కుటుంబ సభ్యులకు కొత్త కావచ్చు గనుక క్లుప్తంగా చెబుతాను. ప్రోగ్రామర్లు రాసిన అప్లికేషను ఒక ప్యాకేజీగా మూటకట్టబడి, మొదట వారి దగ్గర ఉన్న డెవలప్‌మెంట్ సర్వరు మీద, పిమ్మట పరీక్షా సర్వరు మీద నడిచి, అక్కడ నెగ్గిన తరువాతనే, నిజమైన ఆసుపత్రులు, నిజమైన రోగులు ఆధారపడే ప్రొడక్షన్ సర్వరు మీదికి చేరాలి. ఆ చివరి తలుపు దగ్గర నిలబడే బాధ్యత సరళకుమారి గారిది. పరీక్షలో నెగ్గిన ప్యాకేజీయే, ఒక్క అక్షరం మారకుండా, లోపలికి రావాలన్నది వారి పట్టు. ఆ పట్టుకు అసలైన పరీక్ష 2006లో ఎదురయింది.

ఆ ఏడాది, రాజధాని చుట్టుపక్కల ఆసుపత్రుల రక్తనిధులను కలుపుతూ ఒక అప్లికేషను తయారయింది. ఏ ఆసుపత్రిలో ఏ గ్రూపు రక్తం ఉందో చూసి, కావలసిన సంచిని రోగి పేరిట అట్టేపెట్టుకునే ఏర్పాటు అది. నోయిడాలోని ఒక కంపెనీ దానిని రాసింది. పరీక్ష పూర్తయింది; ప్రారంభోత్సవానికి మంత్రిగారి తేదీ ఖరారయింది; ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. ఆ దశలో, కంపెనీ ప్రాజెక్ట్ మేనేజరు శ్రీ ఖురానా, పరీక్షలో నెగ్గిన ప్యాకేజీని పక్కన పెట్టి, కొత్త ప్యాకేజీ ఒకటి పట్టుకుని వచ్చారు. దానిని నేరుగా ప్రొడక్షన్‌కు ఎక్కించాలన్నారు. సరళకుమారి గారు కాదన్నారు. మా కేంద్రం సంచాలకులు మమ్మల్నందరినీ తమ గదికి పిలిపించారు. మాటలు హిందీలోనే ఎక్కువగా సాగాయి, తెలుగులో చెబుతున్నాను.

"మేడమ్ జీ, చిన్న చేంజే," అన్నారు ఖురానా. "స్క్రీన్ నెమ్మదిగా వస్తోందని వేగం పెంచాం, అంతే."

"ఆ చేంజ్ పరీక్షా సర్వరు మీద నడిచిందా?"

"మా మెషీన్ మీద బాగా నడిచింది."

"మీ మెషీన్ ఏ ఆసుపత్రిలో ఉందండీ?"

సంచాలకులు కల్పించుకున్నారు. "సరళా జీ, మంత్రిగారు వస్తున్నారు. ఇప్పుడు ఈ పట్టింపులు వద్దు. కావాలంటే ఆదేశం రాసిస్తాను. అప్పుడైనా చేస్తారా?"

"రాసిచ్చినా చెయ్యను సర్. రోగికి ఏమైనా అయితే మీ సంతకం చూపించి వాళ్ళని ఓదార్చలేం. నా మాట నచ్చకపోతే నన్ను ఈ కుర్చీలోంచి తీసెయ్యండి. అది మీ అధికారం, నేను అడ్డురాను. ఆ ప్యాకేజీని మాత్రం నా చేత్తో ఎక్కించను."

సంచాలకులు ఆ అధికారాన్ని వెంటనే వినియోగించారు. మధ్యాహ్నానికల్లా వారిని వెనుక భవనంలోని శిక్షణ విభాగానికి మార్చారు. తమ బల్లమీది ఫోటోను, నీళ్ళ సీసాను చేతబట్టుకుని, మా అందరి ముందునుంచీ తల ఎత్తుకునే నడిచి వెళ్ళారు.

తరువాతి పిలుపు నాకు. ప్రభుత్వ క్వార్టరులో కాపురం, ఇంజనీరింగు చదువుతున్న కొడుకు, దూరప్రాంతానికి బదిలీ అన్న భయం, అన్నీ ఆ గదిలోకి నా వెంట వచ్చాయి. "మూర్తీ జీ, మీరు తెలివైనవారు" అని మొదలుపెట్టారు సంచాలకులు. నా గొంతు వణికింది. "నేనూ చేయలేను సర్" అన్నాను. నా తరువాత, విభాగంలో పాస్‌వర్డు తెలిసిన మరొకరైన శ్రీమతి భానుమతి గారిని పిలిచారు. "మేడమ్ ఎందుకు వద్దన్నారో నాకూ తెలుసు కదా సర్. నా చేత చేయించకండి" అని ఆమె నిలబడే చెప్పి వచ్చేశారు. ముగ్గురం మాట్లాడుకుని చేసిన పని కాదది. ఒకరు నిలబడితే మిగతావారికి నిలబడే చోటు దొరికింది.

చివరికి, ఖురానాయే ముందుకు వచ్చి, "వదిలేయండి సర్. ఇందరు వద్దంటున్నారు, ఒకసారి పరీక్షించే చూద్దాం" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకూ ధైర్యం కావలసివచ్చింది. ఆ గౌరవం ఆయనకు దక్కాలి. ప్రారంభోత్సవం అనివార్య కారణాల వల్ల వాయిదా పడినట్లు ప్రకటన వెలువడింది. ఆ అనివార్య కారణం పేరు సరళకుమారి అని కేంద్రమంతటా గుసగుసలు సాగాయి.

మరుసటి వారం పరీక్ష పెట్టాం. రెండు ఆసుపత్రుల రక్తనిధుల నుంచి సిస్టర్లు వచ్చారు. సరళకుమారి గారికి ఆ గదిలోకి ప్రవేశం లేదు. వారు భోజన విరామంలో డబ్బా పట్టుకుని వచ్చి, వరండాలోని బల్లమీద కూర్చున్నారు. ఇక్కడెందుకని ఎవరో అడిగితే, "భోజనం ఎక్కడ చెయ్యాలో ఆర్డరులో రాయలేదు" అన్నారు.

కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సిస్టర్ ఎల్సా ఒక కంప్యూటరు ముందు, మరొక సిస్టరు పక్క కంప్యూటరు ముందు కూర్చుని పని మొదలుపెట్టారు. కాసేపటికి ఎల్సా నన్ను పిలిచారు.

"మూర్తిగారూ, ఓ నెగటివ్ గ్రూపు సంచి ఒక్కటే ఉందండీ. ఈ కంప్యూటరేమో అది నాకిచ్చేశానంటోంది. ఇటు చూడండి, ఈ దీదీక్కూడా ఇచ్చేశానంటోంది. సంచి ఒకటి, పేషెంట్లు ఇద్దరు. ఎవరికెక్కించమంటారు?"

ఖురానా ఆ రెండు తెరలను మార్చి మార్చి చూసి, కుర్చీలో కూలబడ్డారు. కారణం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ప్రోగ్రామరు దగ్గర సర్వరు ఒక్కటే. ప్రొడక్షన్‌లో పని భారాన్ని పంచుకునే సర్వర్లు రెండు. పరీక్షలోనూ రెండే ఉండాలని సరళకుమారి గారు ఏనాడో పట్టుబట్టి పెట్టించారు. వేగం కోసం చేసిన ఆ చిన్న మార్పు, రక్తం నిల్వల నకలు ఒకదానిని ఏ సర్వరుకు ఆ సర్వరు దగ్గరే ఉంచింది. ఒక సర్వరు సంచిని ఇచ్చేసిన సంగతి రెండవ దానికి తెలియదు.

నేను వరండాలోకి పరుగెత్తుకెళ్ళి చెప్పాను. వారి ముఖంలో గెలిచిన ఆనందం వెతికాను, కనిపించలేదు. "నిజం సంచులేవీ తియ్యలేదుగా?" అని అడిగారు.

"లేదు మేడమ్, పరీక్షే కదా."

"అయితే సరే. ఖురానాగారి దగ్గర ప్రోగ్రాం రాసిన పిల్లల్ని ఎవర్నీ తిట్టనివ్వకండి. రాసేవాళ్ళన్నాక తప్పులు రాస్తారు. అందుకేగా మనం ఉన్నది."

లోపం సవరించారు, ప్యాకేజీ మళ్ళీ పరీక్షలన్నీ దాటింది, నెల తిరిగాక ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. వేదిక మీద ఎందరికో కృతజ్ఞతలు చెప్పారు. సరళకుమారి గారి పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడాది వారికి రావలసిన పదోన్నతి మరొకరికి వెళ్ళింది. ఆ పిమ్మట సంచాలకులు వారిని పిలిపించి, ఆనాడు విషయం సరిగా అర్థంకాక పొరబడ్డానని ఆవిడ ఒక్క మాట రాసిస్తే పాత కుర్చీ తిరిగి ఇస్తామన్నారు.

"నాకు బాగానే అర్థమైంది సర్," అన్నారట సరళకుమారి గారు. "అర్థం కాకపోయుంటే ఆ రోజే ఎక్కించేసేదాన్ని."

ఏడాదికి పైగా శిక్షణ విభాగంలోనే ఉన్నారు. కోపాన్ని వారు దాచుకోలేదు. భోజనాల దగ్గర, లిఫ్టులో, ఎవరు అడిగినా జరిగింది జరిగినట్లే చెప్పేవారు. పనిని మాత్రం తగ్గించలేదు. కొత్తగా చేరినవారికి, ఒక ప్యాకేజీ ప్రోగ్రామరు బల్ల నుంచి ప్రొడక్షన్ దాకా ఎలా నడవాలో, ఎక్కడ ఎవరు ఆపాలో బోధించారు. నేడు మా కేంద్రంలోని ప్రతి విభాగంలోనూ వారి శిష్యులున్నారు. 2007 చివర కొత్త సంచాలకులు వచ్చి వారిని తిరిగి మా విభాగానికి తెచ్చారు. పోయిన పదోన్నతి తిరిగి రాలేదు. పరీక్షలో నెగ్గినదే ప్రొడక్షన్‌కు వెళ్ళాలన్న మాట ఇప్పుడు కేంద్రం నిబంధనలలో ఉంది. దాని కింద ఎవరి పేరూ లేదు కనుక, అది సరళకుమారి గారిదని ఇక్కడ రాస్తున్నాను.

ఏమీ జరగలేదు కదా, అంత రాద్ధాంతం దేనికి అనేవారు నేటికీ ఉన్నారు. నిజమే, ఏమీ జరగలేదు. ఏ ఆసుపత్రి మంచం దగ్గరా ఏమీ జరగకపోవడానికి ఒక మనిషి తన కుర్చీని, పదోన్నతిని వదులుకున్నారు. ఆ లెక్క తెలిసినవారిగా మేము ఆమెను సౌమ్యురాలని పిలవము. మొండి మనిషి అని, చేతులు జోడించి, పిలుస్తాము.

గత సోమవారం మాకు మళ్ళీ ఒక ఫోను వచ్చింది. మరొక అప్లికేషను, మరొక ప్రారంభోత్సవం. ఈ ఒక్కసారికి నేరుగా ఎక్కించమన్నారు. తాత్కాలికంగా బాధ్యత స్వీకరించిన నేను కాదన్నాను. ఈసారి నా గొంతు వణకలేదు. పక్కనే తమ సామాను సర్దుకుంటున్న సరళకుమారి గారు, ఫోను చేసింది ఎవరని అడగలేదు. "పరీక్ష ఎప్పుడు పెట్టారు?" అని మాత్రం అడిగి, మళ్ళీ సర్దుకోవడంలో పడ్డారు.

మాన్యులైన సరళకుమారి గారూ! ఇందిరాపురంలోని మీ ఇంట, నోవహు గారితో, కుమార్తె, మనుమలతో, మీ సంఘంలోని పాటల బృందంతో, మీరు కోరుకున్న పనే కోరుకున్న వేళకు చేసుకుంటూ, సంపూర్ణ ఆరోగ్యంతో దీర్ఘకాలం వర్ధిల్లాలని మీ సహోద్యోగులమందరం మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఇకపై ఎవరికీ కాదని చెప్పవలసిన అవసరమే మీకు రాకూడదని మా కోరిక. వస్తే మాత్రం, ఆ మాట చెప్పడానికి తగినంత ఆయువు, తగినంత గొంతు ఆ భగవంతుడు మీకు ఎల్లవేళలా ప్రసాదించుగాక!

రాధాకృష్ణమూర్తి
ప్రొడక్షన్ సర్వర్ల విభాగం