నాలుగింటి కడుగుడు

తాండూరుకు ఇవతల, యాలాల్ వైపు ఒక నీళ్ల ప్లాంటు. వికారాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు సింధుజ, ఫిల్టర్లు నడిపే శివయ్య.

“గట్ల గోడ దిక్కు చూస్తె ఎట్లన్నా? ఏదో ఒకటి చెప్పు. ఊరికి నీళ్లు ఎట్ల పెంచాల్నో సాయంత్రం వరకు రిపోర్టు పంపాలె నేను.”

“కొత్త ప్లాంటే కట్టుండ్రి మేడమ్.”

“జాగ కావాలె, రెండేండ్లు పడ్తది. అప్పటిదాంక సగం ఊరికి రోజిడిచి రోజే నీళ్లా?”

“ఏమో మేడమ్.”

“పాత ట్యాంకుల ప్లాస్టిక్ పలకలు పెడితె మడ్డి జల్ది దిగుతది. ఇంకిన్ని నీళ్లు తీసుకోవచ్చు.”

“పెట్టుండ్రి.”

“ఫిల్టర్ల ఇసుక మార్చుడు?”

“మార్చుండ్రి.”

“అన్నిటికి తల ఊపుతవేంది! ఇరవై ఏండ్ల సంది నడుపుతున్నవ్. నాకంటె నీకే ఎక్కువ ఎరుక.”

“నాకేం ఎరుక మేడమ్. కడుగుమంటె కడుగుత.”

“గదే అడుగుతున్న. ఫిల్టర్లు రోజుకు ఎన్నిసార్లు కడుగుతవ్?”

“పొద్దుగాల ఒకసారి.”

“ఇంకా?”

“ఎండ మస్తున్నది. చాయ్ చెప్పాల్నా మేడమ్?”

“చాయ్ వద్దు. ఇంకా?”

“నాలుగింటికి ఒకసారి.”

“ఎందుకు? ఇప్పుడే చూసొచ్చిన, మడ్డి పట్టనే లేదు. శుద్ధి చేసిన నీళ్లు మళ్ల కిందికెల్లి ఎదురు తోలి, కాలువల పారబోసుడేనా?”

“అలవాటు మేడమ్.”

“ఎంతసేపు?”

“గంట. గంటకు జర ఎక్కువనే.”

“గంటనా! అన్నా, గా నీళ్లు రెండు వార్డులకు రోజూ సరిపోతయి. ఏం కట్టే పని లేదు, ఏం కొనే పని లేదు. రిపోర్టుల మొదలు గదే రాస్త.”

“గదొక్కటి రాయకుండ్రి.”

“ఏందీ?”

“కొత్త ప్లాంటు రాయుండ్రి, పలకలు రాయుండ్రి. గదొక్కటి వద్దు మేడమ్.”

“గా కాలువ కింద ఎవలన్న పొలం చేస్తున్నరా? నిజం చెప్పు.”

“పొలం లేదు. గొర్లు తాగుతుండె.”

“ఎవలయి?”

“మా అన్నయి. మల్లయ్య. ఎండకాలం కుంటలన్నీ ఎండుతయి గదా. నాలుగింటికి మంద తోలుకొస్తుండె, నేను వాల్వు తిప్పుతుంటి. రెండు వందల జీవాలు.”

“గింతేనా! ముందే చెప్పొద్దా? చిన్న తొట్టి కట్టిద్దాం, పైపు ఏద్దాం. మీ అన్నను రమ్మను, నేనే మాట్లాడుత.”

“తొట్టి వద్దు మేడమ్.”

“ఎందుకు వద్దు?”

“గొర్లు లేవు. వదిన అమ్మేసింది.”

“ఎప్పుడు?”

“పోయినేడు. అన్న దినాలైనంక.”

“అయ్యో. ఏమైండె?”

“వాగుల పడ్డడు. ఇసుక తీసిన గుంతల నీళ్లుంటయి గదా. గొర్రెపిల్ల జారిందంట. దాన్ని పట్టబోయి ఈయన జారిండు. పిల్ల బతికింది.”

“గంత చల్లగ చెప్తున్నవ్...”

“అందరు గదే అంటరు మేడమ్. ఏడుపు రాలే నాకు. దినాలప్పుడు గూడ రాలే. నాలుగైతె చెయ్యి వాల్వు మీదికి పోతది, గంతే.”

“ఎవలు లేనిదానికి నీళ్లు ఇడుస్తున్నవ్ అన్నా. ఏడాది సంది.”

“ఎరుకే.”

“చూడు, నీ బాధ నాకు అర్థమైతది. గని ఆ రెండు వార్డులోళ్లు బిందెలు పట్టుకొని బోరు కాడ నిలబడుతున్నరు. రాయక తప్పది నాకు. రేపటి సంది పొద్దుగాల ఒక్కసారే కడుగు. సరేనా?”

“చాయ్ చెప్పొస్త మేడమ్.”

“శివన్నా, సరేనా?”

“పోయినేడు వచ్చిన ఇంజనీరు సారు గూడ గిట్లనే చెప్పిండు మేడమ్.”

“మరి ఇనలేదా నువ్వు?”

“ఇన్న. ఒక్క దినం కడగలే. కాలువల నీళ్లు రాకపాయె. గా దినమే అన్న మందను వాగుకు తోలుకపోయిండు.”