పడవ పాట నడక

ఆగాగు, ఏమిటే అది? పడవ పాటా? ఇది పడవ పాటయితే నేను పెళ్ళీడు పిల్లని. ఏమని రాశారు ఆ ఫోన్లో? ‘ఆ ఏడాది జనం మెచ్చిన పాటలు’... ఆఁ, రాశారులే. రాసినవాడు అప్పటికి పుట్టే ఉండడు. పాట అదే, కాదనను. నడకే తప్పు. ఎవరో తరుముకొస్తున్నట్టు ఆ పరుగేమిటి? పడవలో కూర్చుని అలా పాడితే పడవ బోల్తా పడుతుంది. నవ్వకు. నవ్వితే నవ్వావు గానీ కట్టేయకు, అలా పక్కన పెట్టు. మీ తాత లేస్తాడనా? ఆయన చెవి పక్కన టపాకాయ పేల్చినా లేవడు. అన్నానికి రమ్మనాలన్నా భుజం పట్టి ఊపాలి, అదీ ఒక్కసారి కాదు. ఇలా దగ్గరికి జరుగు. ఆ పాట అసలు నడకేమిటో తెలియాలంటే నీకు మా అన్నయ్య సంగతి తెలియాలి. నువ్వు చూడలేదులే. మీ అమ్మకే సరిగ్గా గుర్తుండడు.

మా అన్నయ్య బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. సొంత బ్యాండే. ఊళ్ళో అందరూ ‘మెయిలు’ అనేవాళ్ళు. మెయిలు బండి చిన్న స్టేషన్లలో ఆగదు చూడు, వీడూ అంతే, ఎక్కడా ఆగడు. చొక్కా ఇంట్లో తొడిగి గుండీలు వీధిలో పెట్టుకునేవాడు. నోట్లో ముద్ద ఉండగానే చెయ్యి కడిగేసుకునేవాడు. అమ్మ గుమ్మంలో నిలబడి, “ఒరేయ్, నిదానమే ప్రధానంరా!” అనేలోపు వాడు సందు మలుపు దగ్గరుండేవాడు. “ఆలస్యం అమృతం విషం!” అని అక్కణ్ణించి కేక. ఇద్దరూ సామెతలతో కొట్టుకునేవాళ్ళు, మధ్యలో నేను. వాయింపూ అలాగే ఉండేది. పెళ్ళి ఊరేగింపు ముందు వీడు నడిచాడంటే, వంటవాళ్ళు పొయ్యి వెలిగించకముందే ఊరేగింపు ఇల్లు చేరేది. ఒకసారి అలా చేరాక జనం వెనక్కి తిరిగి చూస్తే పెళ్ళికొడుకే లేడు. చెప్పు తెగి, వెనక వీధిలో ఎవరి అరుగు మీదో కూర్చుని ఉన్నాడు పాపం. ఇంక మా వాణ్ణి ఎవరు పిలుస్తారు? అందరూ అవతలి పేట బ్యాండునే పిలిచేవాళ్ళు. దాని మాస్టారుని మేం ‘బంగారు గుండీలు’ అనేవాళ్ళం. ఎర్ర కోటు, దాని నిండా పసుపుపచ్చ గుండీలు, ఎండలో ఎదురొస్తే కళ్ళు చికిలించుకోవాల్సిందే.

మరి పాటలెలా నేర్చుకునేవాళ్ళనుకున్నావు? మాస్టారా, పుస్తకమా? మలుపులో టీ కొట్టు ఉండేది, అందులో రికార్డు ప్లేయరు. అదే బడి. అన్నయ్యా, మా బ్యాండులో డ్రమ్ము వాయించేవాడూ వెళ్ళి ఒక్క టీ పుచ్చుకుని చెరి సగం తాగేవాళ్ళు. అన్నయ్య ముందు మాటలు నేర్చుకునేవాడు. “మాట తెలియకపోతే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదే” అనేవాడు నాతో. ఆ తర్వాత ఖాళీ గ్లాసు నిలువుగా పట్టుకుని, దాని మీద వేళ్ళు ఆడించేవాడు, అదే క్లారినెట్ అయినట్టు. డ్రమ్ము అతను బల్ల మీద తాళం. కొట్టు యజమాని గల్లా దగ్గర్నించి, “బాబూ, బల్ల నాది, గ్లాసు నాది, కరెంటు నాది. మీరు తెచ్చిందేమిటయ్యా? దాహమా?” అనేవాడు. అంటూనే మళ్ళీ పాట మొదటికి పెట్టేవాడు. మంచివాడులే. ఆ డ్రమ్ము అతను ఎవరంటావా? ఇంకెవరు, లోపల గురక పెడుతున్నాడే, ఆయనే. అప్పుడు సన్నగా, చెవులు నిక్కబొడుచుకుని ఉండేవాడు.

ఆ ఏడాది పాటలా! అబ్బో. మిల్లులో కొత్త సైరను పెట్టిన ఏడాది అది. పాటలకి పల్లవితో పేర్లు పెట్టేవాళ్ళం కాదు మేము. వాన పాట, గుర్రపు బండి పాట, తాగుబోతు పాట... ఏ వీధిలోకెళ్ళినా అవే. నేను మిల్లులో నూలు వడికే విభాగంలో చేరిన కొత్త, మరల చప్పుడులో కూడా పెదాల కదలికను బట్టి ఎవరు ఏ పాట పాడుకుంటున్నారో చెప్పేసేదాన్ని. ఆ సినిమాలన్నీ ముందే వచ్చి వెళ్ళిపోయాయి. పడవ పాటకి మాత్రం రికార్డు ముందొచ్చింది, సినిమా మా ఊరికి ఎన్నాళ్ళకో గానీ రాలేదు. రేడియోలో రాలేదా అంటావు. మా వీధి మొత్తానికి ఒక్క రేడియో, ఆ ఇంటాయన వార్తలు తప్ప ఇంకేది వచ్చినా చెవి మెలేసినట్టు మెలేసి కట్టేసేవాడు. కాబట్టి మాకు పడవ పాటంటే టీ కొట్టు పాటే. సరిగ్గా అప్పుడే ఆ ప్లేయరులో రబ్బరు బెల్టు సాగిపోయింది. పళ్ళెం నీరసంగా, నిండు చూలాలు నడిచినట్టు తిరిగేది. మాకేం తెలుసు? మిగతా పాటలు కాస్త ఏడుస్తున్నట్టు వస్తే, పాత రికార్డులు కదా, అరిగాయనుకున్నాం. పడవ పాట మాత్రం... ఏం చెప్పమంటావు. ఆ గొంతు బానలోంచి వచ్చినట్టు బరువుగా, ఒక్కో మాటా తెడ్డు వేసి లాగినట్టు వచ్చేది. మొదటిసారి విన్నరోజు అన్నయ్య టీ తాగడం మర్చిపోయాడు. మెయిలు ఆగింది! ఆ పాట వాయించేటప్పుడు మాత్రం వాడు నడిచేవాడు, మనిషి నడిచినట్టు. వీధిలో జనం తలుపులు తీసుకుని వచ్చి నిలబడేవాళ్ళు. మిల్లు వదిలాక మేమంతా ఆ పాటే పాడుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. రోజంతా నిలబడిన కాళ్ళు కదా, ఆ పాటకి సరిపోయేవి. అన్నయ్యకి ఒకటీ అరా పిలుపులు రావడం మొదలైంది, “పడవ పాట వాయిస్తానంటేనే రా, ఇంకోటి వద్దు” అని షరతు పెట్టి.

అలా ఉండగా మిల్లు యజమాని ఒక మాట అన్నాడు. మిల్లు వార్షికోత్సవానికి గేటు నుంచి మైదానం దాకా ఊరేగింపు. సగం దారి బంగారు గుండీలు, మిగతా సగం మెయిలు. ఆ ఏడాది అందరికీ నచ్చింది పడవ పాట కాబట్టి ఇద్దరూ అదే వాయించాలి. ఎవరిది బాగుంటే మిల్లు వేడుకలన్నీ ఇక వాళ్ళవే. మా వాళ్ళకి చావో రేవో అన్నమాట. ఎందుకంటే బంగారు గుండీలు మా బ్యాండువాళ్ళని ఒక్కొక్కణ్ణే టీకి పిలిచి, “ఓడిపోయాక ఎలాగూ నా దగ్గరికే వస్తారు, కొలతలిచ్చి వెళ్ళండి, కోట్లు కుట్టిస్తా” అన్నాడు. మీ తాత ఇచ్చాడే కొలతలు! ఇచ్చి, తేలు కుట్టిన దొంగలా మా ఇంట్లో కూర్చున్నాడు. అన్నయ్యకి తెలుసు. తెలిసీ, “కోటు ఎరుపా? నీ రంగుకి ఎరుపేం బాగుంటుందిరా” అని ఊరుకున్నాడు. ఓడిపోతే తనకి బ్యాండు ఉండదు, ఆ ఖాళీ గ్లాసే మిగులుతుంది. అది అనలేదు.

ఇక అసలు ముప్పు విను. ఊరేగింపు ఇంకో రెండు మూడు రోజులుందనగా పడవ సినిమా మా ఊరి హాల్లోకి వచ్చింది. ఊరు ఊరంతా వెళ్ళింది. అమ్మ, నేను, అన్నయ్య, మీ తాత, టీ కొట్టాయన, అందరం. తెర మీద నది వచ్చింది, పడవ వచ్చింది, హీరో తెడ్డు పట్టుకున్నాడు, హాలంతా కుర్చీల్లో ముందుకు జరిగింది. పాట మొదలైంది. ఇదిగో, నీ ఫోన్లో వచ్చిందే, ఆ పరుగు! ఆ బాన గొంతు ఏమైందో, ఎవరో కుర్రాడు జారుడుబండ మీంచి పాడుతున్నట్టుంది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత వెనక బెంచీల్లోంచి ఒకడు లేచి, మిషను గది వైపు తిరిగి అరిచాడు: “ఒరేయ్, నెమ్మదిగా తిప్పరా!” ఇంక చూస్కో. “ఇంటికి తొందరేంట్రా నీకు?” “రీలు తగలడిపోతుందిరోయ్!” ఈలలు, చప్పట్లు. మిషనతను కిటికీలోంచి తల బయట పెట్టి, “బాబూ, నా మిషను బాగానే ఉంది, మీ చెవులే...” అనేలోపు ఎవరిదో చెప్పు వెళ్ళి కిటికీకి తగిలింది. నేనూ అరిచాను, ఎందుకబద్ధం. అరవనివాడు ఒక్కడే, మా అన్నయ్య. వాడు పాట వినడం లేదు, హీరో కాళ్ళు చూస్తున్నాడు. పాటకి ముందు హీరో ఎలా నడిచాడో తర్వాతా అలాగే నడిచాడు, మామూలుగా. మాటలూ మామూలుగానే ఉన్నాయి. అంటే మిషను తప్పు కాదు. అన్నయ్య కుర్చీలో అలా అలా కిందకి జారిపోయాడు, టోపీ ఒక్కటే కనపడింది. అక్కణ్ణించే మీ తాత చెవిలో, “ఏడాదంతా పప్పులో కాలేసి నడిచాంరా” అన్నాడు.

బంగారు గుండీలు ఊరుకుంటాడా? మర్నాడే టీ కొట్టు ముందుకొచ్చి, మీసం దువ్వుతూ, “ఏం మెయిలూ, గూడ్సు బండివైపోయావట? పాటకి జ్వరమొచ్చిందనుకున్నాను, సాగిపోయింది బెల్టా!” అన్నాడు. టీ కొట్టాయన ముఖం చూడాలి, తన కొడుకే పరీక్ష తప్పినట్టు. మా బ్యాండువాళ్ళందరూ ఒక్కటే మాట, సినిమాలో ఉన్నట్టే వేగంగా వాయిద్దాం అని. అన్నయ్యకి వేగం కష్టమా చెప్పు? పుట్టుకే వేగం. పెరట్లో సాధన చేశారు. వేగంలో ఆ బంగారు గుండీలు మా వాడి ముందు ఆగడు! అంతా బాగుంది. వాడి ముఖమే బాగాలేదు. అమ్మ బియ్యం ఏరుతూ కూర్చుంది. తల ఎత్తకుండా, “ఎందుకురా ఆ ఆయాసం? సినిమావాళ్ళు తప్పు పాడారని నువ్వూ తప్పు వాయిస్తావా?” అంది. “అమ్మా, పాట వాళ్ళదే!” అన్నాడు వీడు. “వాళ్ళదైతే? కని పారేసి పోయారు. పెంచింది మన వీధి” అంది. అని చేట చెరిగింది.

ఊరేగింపు రోజున ముందు బంగారు గుండీలు. తప్పేం వాయించలేదు, చూడు, మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. సినిమాలో ఎలా ఉందో అలాగే, చిన్న గమకం కూడా పోకుండా వాయించాడు. కానీ ఊరేగింపన్నాక వెనక మనుషులు నడవాలి కదే! అందరికన్నా ముందు యజమాని. ఆయనదేమో భారీ శరీరం, చెయ్యి ఊపితే గాలి వీస్తుంది. ఆ పాటకి ఆయన పాపం పరుగూ కాదు నడకా కాదు, కాలు కాలిన పిల్లిలా గెంతుతున్నాడు. వెనక మా మేస్త్రీ రొప్పుతున్నాడు. మా ఆడవాళ్ళ వరసలో చెప్పులు ఊడిపోతున్నాయి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నాం, ఒక్క గొంతు కూడా పాటతో కలవలేదు. ఎలా కలుస్తుంది, మాట అందుకునేలోపు మాట వెళ్ళిపోతుంటే! సగం దారిలో వంతెన. అక్కడ ఎర్ర కోట్లు పక్కకి తప్పుకున్నాయి, మా వాళ్ళొచ్చారు. మీ తాత వేగంగా కొట్టడానికి పుల్లలు ఎత్తి పట్టుకున్నాడు. అన్నయ్య క్లారినెట్ పెదాలకి ఆనించి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. ఎప్పుడూ వెనక్కి చూడనివాడు! పెళ్ళికొడుకు వెనకబడిపోయినా చూడలేదు. యజమాని రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మేము చెప్పులు వెతుక్కుంటున్నాం. వాడు మా ముఖాలు చూడలేదే, కాళ్ళు చూశాడు. హాల్లో హీరో కాళ్ళు చూసినట్టే. చూసి, మీ తాత వైపు తిరిగి, అరచెయ్యి ఇలా కిందకి నొక్కి చూపించాడు. నెమ్మది. మీ తాత పుల్లలు గాల్లోనే ఆగిపోయాయి. “ఇప్పుడా?” అన్నాడట. “ఇప్పుడే. తొందరేముంది?” అన్నాడు మా అన్నయ్య. మెయిలు నోట ఆ మాట! అమ్మ వినుంటే ఊరంతా పంచదార పంచేది.

మొదలుపెట్టాడే. ఆ మొదటి స్వరం వంతెన మీద అలా సాగి, నీళ్ళ మీదకి దిగి, అవతలి ఒడ్డుకి చేరాక గానీ రెండోది వదలలేదు. తర్వాత ఏమైందో తెలుసా, మేమెవరమూ అనుకోలేదు, కాళ్ళే పడ్డాయి. మిల్లు మొత్తం, ఒక్క అడుగు. వెనకెక్కడో ఒక గొంతు అందుకుంది, పక్క గొంతు కలిసింది, చూస్తుండగానే వంతెన ఈ కొసనుంచి ఆ కొసకి పాట. యజమాని రుమాలు జేబులో పెట్టుకుని, ఛాతీ విరిచి, పట్టపుటేనుగులా నడిచాడు. పుట్టాక అంత అందంగా ఆయన ఎప్పుడూ నడిచి ఉండడు, మళ్ళీ నడవనూ లేదు. మైదానం వచ్చింది, ఎవరూ ఆగలేదు. “ఇంకో చుట్టు!” అన్నాడాయన. ఆ చుట్టయ్యాక ఇంకో చుట్టు. ఫలితం ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి? చూస్తే ఎర్ర కోట్లు కూడా వరసలో చేరి మాతోపాటు నడుస్తున్నాయి. మీ తాత కోటు అలాగే కుట్టు మధ్యలో ఆగిపోయింది. తర్వాత టీ కొట్టాయన సిగ్గుపడి కొత్త బెల్టు వేయిస్తే జనం ఊరుకున్నారా? పాత బెల్టు వెతికించి మళ్ళీ అదే వేయించారు. “చూశారా, పాటకి నడక నేర్పింది నేనే” అని అప్పట్నించీ ఆయన డాబు!

అన్నయ్య ఎక్కువ ఏళ్ళు లేడులే. తొందర కదా, అక్కడా తొందరే. చివరిసారి ఆ వంతెన మీదుగా తీసుకెళ్తుంటే వాయించడానికి ఎవరున్నారు, క్లారినెట్ వాడే కదా. ఎవరూ పిలవకుండా బంగారు గుండీలే వచ్చాడు. ముసలాడు, ఎర్ర కోటు లేదు, మామూలు చొక్కా. పడవ పాటే వాయించాడు. ఏ నడకలో అని అడక్కు. మా నడకలోనే. అంతకన్నా గెలుపేముందే? ఆరోజు నేను ఏడవలేదు, తల ఎత్తుకుని నడిచాను, నమ్ము.

ఏమిటీ? ఫోన్లో నెమ్మది చేసే మీట ఉందా? ముందే చెప్పవేం, ఇంతసేపు నా చేత వాగించి! ఏదీ, నొక్కు. ఊఁ... ఇంకాస్త. ఇంకొంచెం తగ్గించు. ఆఁ. అక్కడ. ఇహ దాన్ని ముట్టుకోకు.

ష్. ఉండు. ఆ చప్పుడు వింటున్నావా? లోపల్నించి. ఆ నెమ్మది నడకకే మంచం కోడు మీద ఎవరో తాళం కొడుతున్నట్టు...